యూవీ ఫ్లాష్‌తో ఐపీ3 విడుదల: కేజ్డ్ అణువు లేని కణాల్లో కూడా కాల్షియం ఎందుకు పెరుగుతోంది?

అందరికీ నమస్కారం. హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) కేజ్డ్ ఐపీ3తో, అంటే వెలుగు పడేదాకా పనిచేయకుండా కట్టేసి ఉంచిన ఐపీ3 అనే సంకేత అణువుతో, ప్రయోగాలు చేస్తున్నాను. ఈ అణువుకి నైట్రోబెంజైల్ గ్రూపు తగిలించి ఉంటుంది కాబట్టి ఐపీ3 రిసెప్టర్ (ఐపీ3 తగిలితే కాల్షియం వదిలే ప్రోటీన్) దాన్ని పట్టుకోలేదు. 360 నానోమీటర్ల దగ్గర ఫ్లాష్ పడితే ఆ బంధం తెగి అసలు ఐపీ3 విడుదలవుతుంది, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో (కణం లోపలి కాల్షియం నిల్వ) ఉన్న కాల్షియం బయటికి వస్తుంది. కాల్షియం పెరిగితే ఎక్కువగా మెరిసే ఫ్లూవో-4 డైని 488 నానోమీటర్ల లేజర్‌తో చూస్తున్నాను. అందువల్ల ఇమేజింగ్ వెలుగు కేజ్‌ని తెంచే అవకాశం తక్కువ.

కేజ్డ్ ఐపీ3 ఉన్న కణాల్లో సిగ్నల్ ఠక్కున లేస్తోంది, అది బాగానే ఉంది. కానీ డై మాత్రమే ఎక్కించిన కణాల్లో కూడా ఫ్లాష్ తర్వాత నెమ్మదిగా కాస్త పెరుగుతోంది. ఫ్లాష్ తగ్గిస్తే రెండు చోట్లా ఏమీ కనిపించడం లేదు. పెంచితే కొన్ని కణాలు గుండ్రంగా ముడుచుకుపోతున్నాయి. అసలు టెన్షన్ అదే.

కేజ్ తెగినప్పుడు వచ్చే నైట్రోసో పదార్థం థయోల్స్‌తో (ప్రోటీన్లలో ఉండే సల్ఫర్ గ్రూపులు) చర్య జరుపుతుందని తెలుసు. కానీ కేజ్ లేని కణాల్లో అది ఉండదు కదా! యూవీ వల్ల కలిగే ఆక్సిడేటివ్ స్ట్రెస్ (చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కణానికి తగిలే దెబ్బ) మీదే నా అనుమానం.

బయటి ద్రవంలో కాల్షియం తీసేసి, మిగిలినదాన్ని పట్టేసుకునే ఈజీటీఏ వేస్తే, కాల్షియం బయటి నుంచి వస్తోందా లోపలి నుంచా అన్న తేడా తెలుస్తుందా? హెపారిన్‌తో రిసెప్టర్‌ని ఆపుదామంటే అది పొర దాటదు, మైక్రోఇంజెక్షన్ చేయాలి. అదే రిసెప్టర్‌ని ఆపే 2-ఏపీబీ అనే మందు ఇతర ఛానెళ్లనూ కదిలిస్తుంది కాబట్టి దాని మీద నాకు నమ్మకం లేదు. 720 నానోమీటర్ల దగ్గర టూ-ఫోటాన్ (అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకునేలా చేసే) లేజర్ వాడినవాళ్లు ఉంటే, కణాలు దెబ్బతినకుండా పవర్ ఎలా సరిచూసుకున్నారో దయచేసి చెప్పండి.