రేడియేటర్ ఫ్యాను కంట్రోలర్ రెండోసారి పోయింది: తీసేసి స్విచ్ పెట్టించుకుంటే తప్పా?

మూడోగేరు:
ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకుతోందని నాలుగు నెలల క్రితం కారును వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఏ బాధా లేదు. రేడియేటర్ ఫ్యాను కంట్రోలర్ (ఇంజిన్ కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం ఫ్యాను వేగం మార్చే డబ్బా) పోయిందన్నారు, కొత్తది వేశారు. ఇప్పుడు అదీ పోయింది. ఈసారి మెకానిక్ చెప్పిన ఉపాయం వేరు. కంట్రోలర్ తీసేసి, బ్యాటరీ నుంచి ఫ్యానుకు నేరుగా వైరు లాగి, డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెడతారట. రద్దీలోకి రాగానే నేను నొక్కుకోవాలి, బయటపడ్డాక ఆపుకోవాలి. వినడానికి హాయిగానే ఉంది కానీ మనసు ఒప్పడం లేదు.

వివరాలు: ఒకటే ఫ్యాను, కార్బన్ బ్రష్‌ల మోటారు. ఫ్యాను చట్రానికే బిగించిన అల్యూమినియం రెక్కల డబ్బా కంట్రోలర్. దాని కప్లర్‌లోకి, అంటే వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గులోకి, రెండు లావు వైర్లు, రెండు సన్న వైర్లు వస్తాయి. ఫ్యూజు బాగానే ఉంది. స్కానర్‌లో పి0480 కోడ్ వచ్చింది. ఏసీ వేసినా ఫ్యాను కదలడం లేదు.

పాతచక్రం:
చేయించుకోండి, తప్పేమీ లేదు. ఈ కంట్రోలర్లు వచ్చింది నిన్న మొన్న. అంతకు ముందు రేడియేటర్‌కు ఒక థర్మో స్విచ్ ఉండేది. 92 డిగ్రీల దగ్గర కలిసేది, 87కు దిగితే విడిపోయేది. అంతే. కంప్యూటర్ లేదు, సిగ్నల్ లేదు, ఫ్యాను మాత్రం బండి ఉన్నంత కాలం తిరిగేది. ఇప్పుడు అదే పనికి ఒక డబ్బా, ఆ డబ్బాను ఆడించడానికి ఇంకో డబ్బా. నా బండికి ఆరేళ్లుగా స్విచ్చే దిక్కు.

ఫ్యాను ఆపకుండా తిరిగితే ఇంజిన్ మరీ చల్లబడిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. థర్మోస్టాట్ బాగుంటే కూలెంట్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు దారే ఇవ్వదు. ఇవతల ఫ్యాను ఎంత తిరిగినా దానికి పట్టదు.

కొత్తచేయి:
అసలు ఫ్యాను తప్పేనా? సెన్సర్ దగ్గర గాలి బుడగ చేరితే కూలెంట్ మరుగుతున్నా కంప్యూటర్‌కు చల్లగానే కనిపిస్తుంది, ఫ్యానుకు ఆజ్ఞ వెళ్లదు. మా ఇంట్లో కారుకు అదే జరిగింది.

ఎర్త్‌వైరు:
కొత్తచేయి గారూ, ఆ అనుమానం మంచిదే కానీ ఇక్కడ నిలవదు. ఏసీ వేస్తే కూలెంట్ వేడితో సంబంధం లేకుండా ఫ్యాను తిరగాలి. ఈ కారులో అదీ లేదు. వేగంలో చల్లగా, ఆగితే వేడిగా ఉండటం కూడా ఫ్యాను వైపే చూపిస్తోంది. వేగంలో వేడెక్కి ఉంటే నేనూ ఇంకెక్కడో వెతికేవాడిని.

పాతచక్రం గారు థర్మోస్టాట్ గురించి చెప్పింది నిజం. మిగతాది ఒప్పుకోను. నేను బండ్ల వైరింగ్ పనితోనే బతుకుతున్నాను. ఒకే చోట రెండు కంట్రోలర్లు పోయాయంటే మూడోదాని గురించి కాదు, ఆ చోటు గురించి ఆలోచించాలి. మోటారు బేరింగు బిగుసుకుంటే అదే వేగానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా కంట్రోలర్ లోపలి ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. కరెంటు ఒకటిన్నర రెట్లయితే అక్కడ పుట్టే వేడి రెండింతలు దాటుతుంది. చివరికి కంట్రోలర్ కాలుతుంది, కొత్తది తెచ్చి అదే మోటారుకు తగిలిస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మూడోగేరు గారూ, ముందు ఇంజిన్ చల్లారనివ్వండి, కీ తీసేయండి, కప్లర్ ఊడదీయండి. ఆ తర్వాతే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టండి. కొన్ని కార్లలో కీ తీశాక కూడా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. రెక్కను వేలితో తోయండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమన్నా, ఠక్కున ఆగినా, ఇరుసు పక్కకు ఊగినా మోటారు మీద అనుమానం పెంచుకోండి. తర్వాత కప్లర్‌ను వెలుతురులో పట్టుకుని లోపల చూడండి. లావు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, పిన్ను మెరుపు పోయి నీలంగా మారిందా?

ఇక మల్టీమీటర్. ఇక్కడే చాలామంది మోసపోతారు. లావు వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, ఏదీ కరెంటు లాగనప్పుడు మీటరు నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. ఫ్యాను అడిగే కరెంటు మాత్రం ఆ పోగులో పోదు. అందుకని 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఒకటి తీసుకుని కప్లర్‌లోని రెండు లావు పిన్నుల మధ్య కలపండి. అది దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బల్బు వెలుగుతుండగా మీటరు ఒక కొన ఎర్త్ పిన్ను మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ప్లస్ వైపూ అలాగే చూడండి.

చివరగా మోటారును విడిగా, 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన లావు వైరుతో బ్యాటరీకి కలిపి, వైరు చుట్టూ పట్టుకునే క్లాంప్ మీటరుతో కరెంటు కొలవండి. మొదటి క్షణంలో ముల్లు ఎగిరిపడుతుంది, దాన్ని పట్టించుకోకండి. ఫ్యాను వేగం అందుకున్నాక నిలిచే అంకె ముఖ్యం.

పాతచక్రం:
అయ్యా ఎర్త్‌వైరు గారూ, ఇంత పరీక్ష రాసి ఉద్యోగానికి వెళ్లవచ్చు. ఆయన అడిగింది స్విచ్ పెట్టించుకోవచ్చా అని. క్లాంప్ మీటరు ఎంతమంది ఇళ్లలో ఉంటుంది? మెకానిక్ గంటలో పని ముగిస్తానంటున్నాడు, ఫ్యాను తిరుగుతుంది, ఇంజిన్ బతుకుతుంది.

ఎర్త్‌వైరు:
గంటలో ముగిసేది పని, సమస్య కాదు. మోటారే బిగుసుకుని ఉంటే, ఇప్పుడు కంట్రోలర్‌ను కాల్చిన కరెంటు రేపు మీ స్విచ్‌లో నుంచి పోతుంది. డ్యాష్‌బోర్డు స్విచ్‌లు చాలావరకు పది, పదిహేను ఆంపియర్లకు మించి మోయలేవు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్) లేకుండా నేరుగా లాగితే కాలేది మీ మోకాళ్ల పైన. అన్నట్టు, మీ స్విచ్‌కు రిలే ఉందా?

పాతచక్రం:
ఉంది. ఫ్యూజూ ఉంది. నేనేమీ కొత్తవాణ్ణి కాదు.

రాత్రిప్రయాణి:
స్విచ్ కథ నా దగ్గరా ఒకటి ఉంది. రెండేళ్లు బాగానే నడిచింది. ఒకరోజు మా తమ్ముడు బండి తీసుకెళ్లాడు. స్విచ్ సంగతి వాడికి చెప్పడం మరిచాను. రైల్వే గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా ఏసీ వేసుకుని కూర్చున్నాడు. పొగలు వచ్చేదాకా ముల్లు వైపు చూడలేదు. హెడ్ గాస్కెట్ పోయింది. నేను మరిచిపోవడమూ జరిగింది, కాకపోతే తిరగేసి: ఒక సాయంత్రం స్విచ్ ఆపకుండా ఇంట్లోకి వెళ్లిపోయాను, పొద్దున సెల్ఫ్ కొట్టబోతే బ్యాటరీలో చుక్క కరెంటు లేదు.

దీనికి ముందు ఇంకో ఘనకార్యం ఉంది. ఆ స్విచ్ బిగించినవారు మోటారు వైర్లు తారుమారు చేశారు. ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు వస్తోంది, గాలి మాత్రం ఇంజిన్ వైపు నుంచి ముందుకు కొడుతోంది. బండి కదిలితే ఎదురు గాలికి అడ్డం పడుతోంది. మూడు రోజులు థర్మోస్టాట్‌ను తిట్టుకున్నాను. గ్రిల్ ముందు కాగితం ముక్క పట్టుకుంటే లోపలికి అతుక్కోవాల్సింది పోయి బయటికి రెపరెపలాడింది. అప్పుడు అర్థమైంది.

పాతచక్రం:
అది బిగించినవారి తప్పు, స్విచ్ తప్పు కాదు. మతిమరుపు మాత్రం ఒప్పుకుంటాను. అందుకే నాది కీ వేస్తేనే పనిచేసేలా పెట్టుకున్నాను.

కొత్తచేయి:
ఒక సందేహం. పి0480 అంటే ఫ్యాను కంట్రోల్ సర్క్యూట్ లోపం అని కదా. మరి కంట్రోలర్ పోయినట్టే కదా, ఇన్ని పరీక్షలు ఎందుకు?

ఎర్త్‌వైరు:
కంప్యూటర్ నుంచి ఫ్యానుకు ఆజ్ఞ వెళ్లే దారిలో తేడా ఉందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. తెగిన సన్న వైరు, పచ్చపట్టిన పిన్ను, కంట్రోలర్, ఏదైనా కావచ్చు. కంట్రోలర్ ఎందుకు పోయిందో అది ఎటూ చెప్పదు.

ఆ దారిని కూడా చూడవచ్చు. రెండు సన్న వైర్లున్న రకంలో సాధారణంగా ఒకటి కీ వేయగానే 12 వోల్టులు తెచ్చేది, రెండోది ఆజ్ఞ తెచ్చేది. ఆజ్ఞ నిలకడైన వోల్టేజీ కాదు, గబగబా వెలిగి ఆరే దీపంలాంటిది. ఎంతసేపు వెలిగి ఉంటే ఫ్యానుకు అంత వేగం. మామూలు మీటరు దాని సగటు చూపిస్తుంది కాబట్టి ఆరేడు వోల్టులు కనిపిస్తే వైరు పాడైందని కంగారుపడకండి. డ్యూటీ శాతం, అంటే వెలిగి ఉన్న సమయం వాటా, కొలిచే మీటరైతే మేలు. ఏసీ వేసి, తీసి చూడండి. అంకె మారితే కంప్యూటర్ తన పని తాను చేస్తున్నట్టే. చాలా కంట్రోలర్లు ఆ వైరు ఊడిపోతే ప్రమాదమని అనుకుని ఫ్యానును పూర్తి వేగంతో తిప్పుతాయి. అన్నీ కాదు. కొన్ని కార్లలో ఆజ్ఞ డేటా రూపంలో వెళ్తుంది, అక్కడ ఈ కొలత పనికిరాదు. ఏ రకమైనా ఆ సన్న వైరులోకి బ్యాటరీ కరెంటు ఎక్కించి చూడవద్దు. అవతల కొన ఇంజిన్ కంప్యూటర్‌లో ఉంది.

మూడోగేరు:
రెండు రోజులు పట్టింది. మొదట పక్కింటాయన దగ్గర తెచ్చిన క్లాంప్ మీటరు, ఫ్యాను హోరుమంటున్నా, సున్నా చూపించింది. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది, అది ఇంటి కరెంటు కొలిచే రకమట, డీసీ కొలవదు. డీసీ కొలిచేది ఇంకొకరి దగ్గర దొరికింది.

ఫ్యానును వేలితో తోస్తే అర చుట్టు కూడా తిరగలేదు. ఇసుకలో తిప్పినట్టు ఉంది. మోటారును నేరుగా కలిపితే వేగం అందుకున్నాక 34 ఆంపియర్లు. మోటారు మీద ఉన్న చీటీలో 22 అని ఉంది. కప్లర్‌లో ఎర్త్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి పిన్ను ఒక పక్కకు ఒరిగింది. బల్బు వెలిగించి కొలిస్తే ఎర్త్ వైపు 0.15 వోల్టు, ప్లస్ వైపు 0.02. సన్న వైరులో అంకె ఏసీతో మారుతోంది. 0.15 అంటే చాలా తక్కువే కదా?

ఎర్త్‌వైరు:
నాలుగున్నర ఆంపియర్లకు 0.15. మీ మోటారు 34 లాగినప్పుడు అది 1.1 వోల్టు దాటుతుంది. 1.1 ఇంటూ 34 అంటే 37 వాట్లు. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ఆ కప్లర్‌లో గుచ్చి వదిలేసినట్టు. ప్లాస్టిక్ కరగక ఏం చేస్తుంది? మోటారు, కప్లర్ రెండూ మార్చకుండా కంట్రోలర్ మాత్రమే వేస్తే మళ్లీ నాలుగు నెలలే. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట కూడా బోల్టు విప్పి, మెరిసేదాకా గీకి బిగించండి.

పాతచక్రం:
మోటారు పోయిందన్నది ఒప్పుకున్నాను. దానికి స్విచ్ పెట్టినా ప్రయోజనం ఉండేది కాదు. అయినా నా వాదన నాకుంది. కొత్త మోటారు, కొత్త కంట్రోలర్ వేసుకున్నా పక్కన ఒక అత్యవసర దారి ఉండాలి. ఊరు కాని ఊరిలో అర్ధరాత్రి డబ్బా చచ్చిపోతే మీ 0.15 వోల్టు ఇంటికి చేర్చదు.

రాత్రిప్రయాణి:
పక్కన అంటే ఎలా? కంట్రోలర్ తగిలి ఉండగానే మోటారు వైర్లకు బ్యాటరీ కలిపితే కరెంటు కంట్రోలర్ లోపలికీ ఎదురెక్కదా?

పాతచక్రం:
ఎక్కుతుంది. అందుకే అయిదు కాళ్ల రిలే వాడాలి. 30వ కాలు మోటారుకు, 87ఏ కంట్రోలర్‌కు, 87 ఫ్యూజు మీదుగా బ్యాటరీకి. స్విచ్ నొక్కనంతవరకు కంట్రోలర్ రాజ్యం. నొక్కితే మోటారు దాన్ని వదిలి బ్యాటరీ వైపు దూకుతుంది. రెండూ ఎప్పుడూ కలవవు. కాయిల్‌కు అడ్డంగా డయోడు ఉన్న రిలే తీసుకోండి.

ఎర్త్‌వైరు:
గీత బాగుంది, తప్పు పట్టలేను. కానీ 87ఏ వైపు కాంటాక్టు సాధారణంగా 87 కంటే తక్కువ ఆంపియర్లకే చేస్తారు. ఏడాదికి ఒకసారి వస్తుందో రాదో తెలియని అత్యవసరం కోసం, రోజూ ఫ్యాను కరెంటంతా ఆ బలహీనమైన కాంటాక్టు గుండా పంపుతున్నారు. ఇప్పుడే ఒక కప్లర్ కరిగి చూపించింది. నేనైతే బాగున్న దారిలో కొత్త అతుకు పెట్టను.

పాతచక్రం:
పెద్ద రిలే వేయండి. దానికీ మందు ఉంది.

ఎర్త్‌వైరు:
దాని సాకెట్‌కూ ఎర్త్ పిన్నుకూ తేడా ఏముంది? మనిద్దరం ఇక్కడ కలవం, వదిలేద్దాం.

మూడోగేరు:
మోటారు, కంట్రోలర్ కలిసి ఉన్న జత వేయించాను, కప్లర్ కొత్తది. పూర్తి వేగంలో 21 ఆంపియర్లు. ఆగి ఉన్న కారులో స్కానర్ చూస్తూ కూర్చున్నాను. 96 డిగ్రీల దగ్గర ఫ్యాను చప్పుడే లేకుండా మొదలైంది, నెమ్మదిగా వేగం పెంచుకుంది, 92కు దిగాక ఆగింది. వర్క్‌షాపులో చెబితే, మోటారు పోయి ఉంటుందని తమకు ముందే అనిపించిందన్నారు.

స్విచ్ పెట్టించలేదు. పాతచక్రం గారి మాట మాత్రం పూర్తిగా తోసేయలేదు. రెండు మీటర్ల లావు వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు, రెండు క్లిప్పులు సంచిలో కట్టి డిక్కీలో పెట్టాను. కంట్రోలర్ చస్తే మోటారు కప్లర్ ఊడదీసి నేరుగా కలుపుకుంటాను.

పాతచక్రం:
సరే, అదీ ఒక దారే. మోటారు రెండు వైర్లలో ఏది ప్లస్సో ఇప్పుడే, పగటి వెలుతురులో, ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి. రాత్రిప్రయాణి గారి కాగితం ముక్క కూడా ఒకటి ఆ సంచిలో వేసుకోండి.