పాత మల్టీపర్పస్ మెషీను కొనొచ్చా?

అమలాపురం_గుమ్మాలు: గుమ్మాలు, కిటికీల పనికి పాత మల్టీపర్పస్ ఒకటి బేరానికొచ్చింది. 12 అంగుళాల చిత్రిక, రంపం, కొనకి డ్రిల్, అన్నీ ఒకే షాఫ్టు మీద. 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. మెషీను గోదావరి లంక ఊళ్లో ఉంది. తీసుకోమంటారా?

తణుకు_చిత్రిక: తీసుకోండి. చిన్న షెడ్డుకి ఇంతకన్నా ఏం కావాలండీ? బెల్టు తీసేసి షాఫ్టు చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయినట్టే, అది పెద్ద ఖర్చేం కాదు. చిత్రిక దాటాక చెక్క ఆనే వెనక బల్ల బ్లేడు అంచుకన్నా కిందికుంటే చెక్క చివర గుంట పడుతుంది, అదీ సర్దుకునేదే. బల్ల ఎత్తే మర తుప్పుపట్టి కదలకపోతే మాత్రం అనుమానించాలి. బల్లల మీద ఉక్కు స్కేలు ఐమూలగా నిలబెట్టి, దాని కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకుల కట్ట) పెట్టండి. 0.2 మి.మీ. రేకు దూరిందంటే వదిలేయండి. బ్లేడ్లు బిగించే బోల్టుల మరలు అరిగినా అంతే.

పాలకొల్లు_టేకు: నేను వద్దంటాను. చిత్రికకి షాఫ్టు నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతుందనుకోండి, 12 అంగుళాల రంపం బిళ్ళ అంచు సెకనుకి 72 మీటర్లు పోతుంది. ఆ వేగంలో కార్బైడ్ పన్ను ఊడితే తూటాయే. పైగా రంపం కోస్తున్నంతసేపూ పక్కన చిత్రిక బ్లేడ్లు ఊరికే తిరుగుతుంటాయి. డ్రిల్ బిట్టు సంగతి సరేసరి, టేకులో నల్లగా మాడిపోతుంది.

తణుకు_చిత్రిక: 10 అంగుళాల బిళ్ళ వేస్తే 60కి దిగుతుంది. బ్లేడ్లకి మూత పెట్టొద్దని ఎవరన్నారు?

పాలకొల్లు_టేకు: ఏ పాత మెషీనుకి మూత మిగిలిందండీ! 3 అంగుళాల గుమ్మం చెక్క ఒక్క దఫాలో తెగాలంటే 10 బొటాబొటి.

రాజోలు_మోటార్లు: అవన్నీ తర్వాత. లంకలో మెషీను అన్నారు, 2022 జూలై వరదలో మునిగిందా? అమ్మేవాళ్లు లేదనే అంటారు. బల్ల అడుగు గాడుల్లో వేలు పెట్టి చూడండి, ఎండిన ఒండ్రు తగిలితే మునిగినట్టే. మోటారు తీగలు విప్పి ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకీ బాడీకీ మధ్య కొలవండి. 1 మెగా ఓమ్ లేకపోతే రీవైండింగ్ ఖర్చు బేరంలో కలపండి. ఇంకోటి, 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ లోడు మీద సుమారు 16 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగులో దానికి ఎన్నో రెట్లు. లైను చివర వోల్టేజి పడిపోయే ఊరైతే మోటారు మూలుగుతుందే గానీ లేవదు, కెపాసిటరు పోతుంది. త్రీ ఫేజ్ కనెక్షనుంటే మోటారు మార్చేయండి.

పాలకొల్లు_టేకు: మెగ్గర్ బాగా చూపించినా నా మాట మారదు. రంపానికి వేరే మోటారు, వేరే బల్ల ఉండాల్సిందే.

తణుకు_చిత్రిక: సరే, బిళ్ళ తీసేసి దీన్ని చిత్రికకే వాడుకోండి. రంపం, డ్రిల్ లేవనుకుని బేరమాడండి. ఆ రేటుకి ఇస్తే తీసుకోండి, లేకపోతే లేదు.