మైమ్ నేర్చుకోవడానికి ఊరు దాటాలా? అసలు అది బతుకుదెరువు అవుతుందా?

హనుమకొండ బాబాయి:
మా అన్నయ్య కొడుకు బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో మైమ్ పోటీలో వాడి జట్టుకు బహుమతి వచ్చింది. ఆ రోజు నుంచి ఉద్యోగం ఊసే ఎత్తడం లేదు. కోల్‌కతా వెళ్లి గురువు దగ్గర రెండేళ్లు ఉంటాడట. వదిన కంటనీరు పెట్టుకుంటోంది. ఇది నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు కదా, ఎవరికి చెప్పినా మిమిక్రీ అనుకుని ‘ఏదీ, ఎన్టీఆర్ గొంతు వినిపించు’ అంటున్నారు. గొంతుతో పనిలేకుండా ఒంటి కదలికలతోనే అంతా చెప్పే కళ ఇది అని నేనే అందరికీ సర్దిచెబుతున్నాను. తెలిసినవారు చెప్పండి: వాణ్ని పంపాలా, ఇక్కడే నేర్చుకోమనాలా, ఉద్యోగంలో చేరి సెలవు రోజుల్లో చేసుకోమనాలా?

నాటకాల మాస్టారు:
ఉద్యోగంలో చేర్పించండి. పోటీ మైమ్ అంటే ఆరుగురు, ఐదు నిమిషాలు. వరకట్నమో, చెట్ల నరికివేతో ఒక అంశం, వెనక హోరుమనే సంగీతం, చివర అందరూ కలిసి శిల్పంలా నిలబడటం. న్యాయనిర్ణేతగా ఎన్నోసార్లు కూర్చున్నాను. ఒకడు తడబడితే జట్టు కప్పేస్తుంది, జట్టు తడబడితే సంగీతం కప్పేస్తుంది. ఆ చప్పట్లు నమ్ముకుని జీవితాన్ని నిర్ణయించుకోకూడదు. నాకు తెలిసిన మంచి కుర్రాడొకడు ఇప్పుడు ముఖానికి తెల్లరంగు పూసుకుని పెళ్లి విందుల్లో గుమ్మం దగ్గర గులాబీలు పంచుతున్నాడు. కళ మీద ప్రేమ ఉంది కాబట్టే ఇంత కటువుగా చెబుతున్నాను.

కాజీపేట మైమ్:
మాస్టారు గారూ, పోటీల గురించి మీరన్నది అక్షరాలా నిజం. దాన్నిబట్టి ఆ అబ్బాయికి శిక్షణ ఇంకా మొదలే కాలేదని తేలుతుంది. నేర్చుకోవద్దని ఎలా తేలుతుంది?

పద్నాలుగేళ్లుగా నా బతుకు ఇదే. పెళ్లి గుమ్మాల దగ్గర నేనూ నిలబడ్డాను. ఒకచోట నాలుగు గంటలు నిలబెట్టి, మాట్లాడుకున్న డబ్బులో సగమే చేతిలో పెట్టారు. ఆ సగంతోనే ఆ నెల అద్దె కట్టాను.

శిక్షణ అంటే ఏమిటో ఒక్కటి చెబుతాను, చేసి చూడండి. ఎదురుగా లేని గోడ మీద చెయ్యి ఆనించాలి. గాలిలో వచ్చేటప్పుడు వేళ్లు వదులుగా ఉంటాయి. గోడ తగిలిన క్షణాన అరచెయ్యి ఒక్కసారిగా చదునై బిగుసుకోవాలి. ఇప్పుడు పక్కకు ఒక అడుగు వేయండి. ఒళ్లు జరగాలి, చెయ్యి ఉన్నచోటే ఉండాలి. అంగుళం కదిలిందా, గోడ కూలినట్టే. దీన్ని స్థిర బిందువు అంటాం. ఇదొక్కటి పట్టుబడటానికి నాకు అద్దం ముందు ఎనిమిది నెలలు పట్టింది. తాడు లాగడం ఇంకా కష్టం. కొత్తవాళ్లు చేతులతో లాగుతారు. నిజంగా బరువు లాగేవాడి కదలిక నడుము దగ్గర పుట్టి, చేతులకు ఆఖరున చేరుతుంది.

పారిస్‌లో మైమ్ గురువు ఎతియెన్ దెక్రూ (1898–1991) నటుడి ముఖాన్ని కప్పి, మొండెంతోనే అంతా పలికించమన్నాడు. ఆయన దగ్గరే నేర్చుకున్న మార్సెల్ మార్సో 1947లో బిప్ అనే తెల్లముఖం పాత్రను సృష్టించి దేశదేశాలు తిరిగాడు. ముఖం విషయంలో గురుశిష్యులకే పొత్తు కుదరలేదు. అయినా ఒంటి మీద ఏళ్ల తరబడి చేసే కసరత్తు ఇద్దరికీ ఒకటే. తెల్లరంగు చివర వేసుకోవలసింది, మన పిల్లలు దానితోనే మొదలుపెడుతున్నారు. నాకు బాధ అక్కడే.

కోల్‌కతా సంగతి. జోగేష్ దత్తా, నిరంజన్ గోస్వామి (2009లో పద్మశ్రీ) లాంటివారి వల్ల అక్కడ మైమ్‌కు ఒక పరంపర ఏర్పడింది. తప్పక పంపండి, కానీ ఒక ఏడాది ఆగి. ఆ ఏడాది అబ్బాయిని ఎనుమాముల మార్కెట్‌కు పంపండి. మిర్చి బస్తాలు ఎత్తే హమాలీలను తెల్లవారుజాము నుంచి చూడమనండి. బస్తా వీపు మీద పడకముందే మనిషి మోకాళ్లు కొద్దిగా వంగుతాయి, మెడ ముందుకు వస్తుంది. దించాక కూడా రెండు మూడు అడుగులు వేసేదాకా ఆ ఒళ్లు బరువు పోయిందని నమ్మదు. ఆ రెండు అడుగులు ఏ గురువూ నాకు చెప్పలేదు. అక్కడే దొరికాయి.

పేరిణి టీచర్:
ఎంతసేపూ పారిస్, కోల్‌కతా! రామప్ప గుడి గంట ప్రయాణం. ఆ శిల్పాలు, కాకతీయుల సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి ఆధారంగానే నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (భావం) అనే నాలుగు రకాల అభినయంలో వాచికం తీసేస్తే మిగిలేదేగా మీ మైమ్? అభినయ దర్పణం అనే నాట్య గ్రంథంలో ఒంటిచేతి ముద్రలే 28 ఉన్నాయి. ముందు అవి నేర్పించండి.

కాజీపేట మైమ్:
టీచర్ గారూ, ఆరు నెలలు నేనూ పేరిణి నేర్చుకున్నాను. నా మోకాళ్ల బలం అక్కడిదే, ఆ రుణం తీరదు. కానీ ముద్ర దగ్గర మీతో ఏకీభవించలేను. ముద్ర ఒక భాష, అది తెలిసినవారికే అర్థమవుతుంది. మైమ్‌లో చెంబు ఎత్తితే దాని బరువు, అందులో నీళ్లున్నాయో లేదో, ఏమీ చదువుకోని ముసలమ్మకు కూడా తెలియాలి. ముద్రలకు అలవాటు పడిన చెయ్యి చెంబును పట్టుకోదు, చెంబు అని చెప్పి ఊరుకుంటుంది. నా చేతికి ఆ అలవాటు పోగొట్టుకోవడానికి చాలా కాలం పట్టింది.

నాటకాల మాస్టారు:
అంతా బాగుంది. నెలకు ఎంత వస్తుందో అది చెప్పండి. వాళ్ల అమ్మ అడిగేది అదే.

కాజీపేట మైమ్:
న్యాయమైన ప్రశ్న. నా రాబడిలో సగానికి పైగా నేర్పడం వల్ల వస్తుంది: బడుల్లో శిబిరాలు, నాటక బృందాలకు దేహ శిక్షణ. తరవాత ఆరోగ్యం, రహదారి భద్రత మీద ప్రచార ప్రదర్శనలు. టికెట్టు కొని వచ్చేవారి ముందు పూర్తి ప్రదర్శన ఏడాదికి రెండు మూడు, అంతే. పోయిన వానాకాలంలో రెండు నెలలు రూపాయి రాలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18–25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది, అయితే అప్పటికే గురువు దగ్గర సాధన చేస్తూ ఉండాలి. అమ్మగారికి ఏదీ దాచకుండా ఇదంతా చెప్పండి.

హనుమకొండ బాబాయి:
వదినకు చదివి వినిపించాను. వానాకాలం మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. రాత్రి భోజనాలయ్యాక మావాణ్ని లేని చెంబుతో నీళ్లు తాగి చూపించమన్నాం. తాగాడు, కింద పెట్టాడు. ‘వేళ్లు తెరవకుండానే చెయ్యి తీసేశావు, చెంబు ఏమైంది?’ అని వాళ్ల అమ్మే అడిగింది. వాడు చాలాసేపు తన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. సోమవారం తెల్లవారుజామున ఎనుమాములకు నేనే బండి మీద దింపుతానన్నాను.