ఎదుటివాళ్ళ నొప్పి తన ఒంట్లో తెలిసే మనిషికి సహానుభూతి లేదని ఎలా అంటాం?

బీచ్‌రోడ్డు అక్క:
మా తమ్ముడికి 23 ఏళ్ళు, ఆటిజం ఉంది. ఉండేది వైజాగ్‌లోనే, ఎంవీపీ కాలనీ వైపు. మొన్న ఆదివారం హార్బర్ నుంచి తెచ్చిన వంజరం అమ్మ కత్తిపీట మీద కోస్తూ ఎడమ బొటనవేలు తెగ్గోసుకుంది, రక్తం బాగానే కారింది. వాడు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క కేక పెట్టి, తన బొటనవేలు గుప్పిట్లో బిగించుకుని డాబా మీదికి పరిగెత్తాడు. అప్పుడే మా ఇంటికి వచ్చిన పెద్దమ్మ "తల్లికి రక్తం కారుతుంటే పారిపోయాడు చూడు, వీళ్ళకి ఆ ధ్యాసే ఉండదు" అంది. నేను అమ్మకి కట్టు కట్టి పైకి వెళ్ళేసరికి వాడు ట్యాంకు పక్కన కూర్చుని కుళాయి నీళ్ళ కింద వేలు పెట్టుకుని ఉన్నాడు. "మండుతోంది అక్కా" అన్నాడు. వాడి వేలికి ఏమీ కాలేదు.

వాడికి ఆరేళ్ళప్పుడు ఒక డాక్టరు గారు "వీళ్ళకి ఎదుటివాళ్ళ బాధ తెలియదమ్మా, ఆశ పెట్టుకోకండి" అని చెప్పారు. 17 ఏళ్ళుగా ఆ మాట మనసులో పెట్టుకునే మేం వాణ్ణి చూశాం.

ఇంకొకటి. వాడికి అంకెలకి రంగులుంటాయి. 7 పచ్చిమామిడి రంగు, 4 ఇటిక రంగు, అలా. సంక్రాంతికి అడిగి కేలెండర్ వెనక రాసి దాచాను, మళ్ళీ జూన్‌లో వాడికి చెప్పకుండా అడిగాను. పదికి పదీ అవే. ఇలా ఒకటి చూస్తే, వింటే దానితో పాటు ఇంకో అనుభూతి కూడా తెలియడాన్ని సినెస్థీషియా అంటారట. ఇప్పుడు నా ప్రశ్న: ఇలాంటివాడికి సహానుభూతి, అదే ఎంపతీ, లేదనాలా, ఎక్కువై తట్టుకోలేకపోతున్నాడనాలా? నా మాట రెండోదే.

పీజీ రెండో ఏడు:
అక్కా, నేను సైకాలజీ చదువుతున్నాను. మీరు కేలెండర్ వెనక రాసి పెట్టి చేసింది సరైన పనే, నెలల తర్వాత అడిగినా రంగు మారకపోవడమే సినెస్థీషియాకి అసలు పరీక్ష. వేలి సంగతికీ పేరుంది, మిర్రర్ టచ్ అంటారు, ఇదీ సినెస్థీషియాలో ఒక రకమే. వేరేవాళ్ళని తాకడం చూస్తే తనని తాకినట్టే తెలుస్తుంది, దీని గురించి మొదటి పరిశోధన పత్రం 2005లో వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి ఎడమ చెంప తాకితే చాలామందికి అద్దంలో లాగ కుడి చెంప మీద తెలుస్తుంది. మీవాడు పట్టుకున్నది ఏ వేలో గుర్తుందా?

కానీ అక్కడి నుంచి "సహానుభూతి ఎక్కువ" అనే మాటకి దూకడం నేను ఒప్పుకోను. 2007లో బానిస్సీ, వార్డ్ అనే పరిశోధకులు మిర్రర్ టచ్ ఉన్నవాళ్ళ చేత సహానుభూతి ప్రశ్నావళి పూర్తి చేయిస్తే, మనసు చలించే భాగంలో మాత్రమే మిగతావాళ్ళకన్నా ఎక్కువ వచ్చింది. అవతలి మనిషి మనసులో ఏముందో పట్టుకోవడంలో, నలుగురిలో మెలగడంలో తేడా లేదు. 2016లో ఆటిజం మీద పరిశోధన చేసే సైమన్ బారన్-కోహెన్ బృందం చూస్తే ఆ ఎక్కువ కూడా కనబడలేదు, పైగా వాళ్ళలో కొందరికి ఆటిజం కూడా ఉంది. కాబట్టి తమ్ముడికి వేలు మండింది నిజమే కావచ్చు, కానీ అది అమ్మ కోసం పడ్డ బాధా, తన వేలి బాధా అన్నది వేరే ప్రశ్న. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

రంగుల సంగతికొస్తే, ఇదే బారన్-కోహెన్ బృందం 2013లో ఆటిజం ఉన్న 164 మంది పెద్దవాళ్ళని అడిగితే 18.9 శాతం మందికి సినెస్థీషియా ఉంది, ఆటిజం లేని 97 మందిలో 7.2 శాతం. సంబంధం ఉన్నట్టే. అయితే అది ఎవరి గురించి వాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్పుకున్నది, పైగా ఆ లెక్కలోనే ఆటిజం ఉన్న ఐదుగురిలో నలుగురికి సినెస్థీషియా లేదు.

గాజువాక నాన్న:
ఆ నలుగురిలో మావాడొకడు. 11 ఏళ్ళు, మాట రాదు. ఈ రంగుల కబుర్లు వింటే నాకు భయం వేస్తుంది, ఎందుకో చెప్తాను. డేనియల్ టామెట్ అని ఇంగ్లండ్‌లో పుట్టిన ఒకాయన ఉన్నాడు, ఆటిజం ఉంది, అంకెలు రంగులుగా, ఆకారాలుగా కనబడతాయి, 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల్లో వచ్చే పై (π) విలువ 22,514 అంకెలు చూడకుండా అప్పజెప్పాడు. గొప్పే. కానీ అది చదివిన ప్రతి చుట్టమూ మా ఇంటికొచ్చి "మరి మీవాడికి ఏ టాలెంట్ ఉంది" అని అడుగుతాడు. ఏం చెప్పమంటారు?

మొన్న బస్సులో పక్క సీట్లో పాప ఏడుస్తుంటే మావాడు ఆ పాప మీద చెయ్యెత్తాడు. "మీ పాప బాధ మావాడికి మరీ ఎక్కువగా తెలిసిందమ్మా" అని ఆ తల్లికి నేను చెప్పగలనా? సారీ చెప్పి, మా స్టాపు రాకముందే షీలానగర్‌లో దిగి నడిచాం.

మంగళవారం ఎరుపు:
నాకు ఆటిజం లేదు, వారాలకి రంగులు మాత్రం ఉన్నాయి, నా పేరు చూశారుగా. 2006లో బ్రిటన్‌లో లెక్క తీస్తే నూటికి నలుగురికి ఏదో ఒక రకం సినెస్థీషియా ఉందని తేలింది, అంటే మేం అంత అరుదేం కాదు. నాకైతే జాలి, దయ అందరికీ ఉన్నంతే ఉన్నాయి. కానీ సాయంత్రం జగదాంబ సెంటర్లో హారన్ల మధ్య ఐదు నిమిషాలు నిలబడలేను, ట్యూబులైటు గుయ్యిమంటుంటే పుస్తకం చదవలేను. 2017లో వార్డ్ వాళ్ళు చెప్పింది కూడా ఇదే, ఆటిజానికీ సినెస్థీషియాకీ పోలిక ఇంద్రియాల సున్నితత్వంలో, చిన్న చిన్న వివరాలు పట్టుకోవడంలో కనబడుతుంది. నా ఉద్దేశంలో మధ్యలోకి సహానుభూతిని లాక్కురావడమే పొరపాటు.

బీచ్‌రోడ్డు అక్క:
అందరికీ జవాబు ఇస్తాను, కొంచెం పొడుగవుతుంది.

పీజీ తమ్ముడూ, అమ్మకి తెగింది ఎడమ వేలు, వాడు పట్టుకున్నది కుడి వేలు. నువ్వు అడిగాకే గుర్తు తెచ్చుకున్నాను. ఒంటి మీద తెలియడం వేరు, సహానుభూతి వేరు అన్నావు, సరే, "ఎక్కువ" అన్న నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ "లేదు" అన్న మాట కూడా అలాగే వెనక్కి పోవాలి కదా! ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అవతలివాళ్ళు వాడి మొహం చూసి చెప్పారు. మన తెలుగులో సానుభూతి అనగానే పరామర్శకి వెళ్ళి చెయ్యి పట్టుకుని "అయ్యో" అనడమే గుర్తొస్తుంది, అది చెయ్యనివాడు రాతిగుండె వాడు అయిపోతాడు. బాధ లోపల తెలియడం ఒకటి, ఆ బాధ ఏమిటో పేరు పెట్టగలగడం ఒకటి, దానికి తగ్గట్టు ఏదైనా చెయ్యడం ఇంకొకటి. మా వాడికి మొదటిది వచ్చి మీద పడుతుంది, రెండో దగ్గర ఆగిపోతాడు. అలెక్సిథైమియా గురించి చదివాను, తనలో కలిగే భావం ఏదో తనకే తేలకపోవడం. 2010లో జెఫ్రీ బర్డ్ అనే పరిశోధకుడి బృందం మెదడు స్కాన్‌లలో చూసింది ఏమిటంటే, దగ్గరివాళ్ళకి నొప్పి కలిగినప్పుడు ఇన్సులా అనే భాగం తక్కువ స్పందించడం ఈ అలెక్సిథైమియాని బట్టి ఉంటోంది, ఆటిజం ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. ఆ డాక్టరు గారి ఒక్క మాటలో ఇవన్నీ కలిసిపోయాయి.

ఇంకా, అర్థం చేసుకోవడం వాడొక్కడి పనేనా? డేమియన్ మిల్టన్ అని, ఆయనకీ ఆటిజం ఉంది, 2012లో రాశాడు, వాళ్ళకి మనం అర్థం కానట్టే మనకి వాళ్ళు అర్థం కారు, లోటు రెండు వైపులా ఉంది అని. 2020లో క్రాంప్టన్ బృందం ఎనిమిదేసి మందిని వరుసలో పెట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించింది. అందరికీ ఆటిజం ఉన్న వరుసలో కథ, ఎవరికీ లేని వరుసలో ఎంత నిలబడిందో అంతే నిలబడింది. కలగలిపిన వరుసలోనే ఎక్కువ జారిపోయింది. మా పెద్దమ్మకీ మావాడికీ మధ్య జరిగింది నాకు అచ్చంగా ఇదే.

గాజువాక అన్నా, మీ మాట నన్ను రాత్రంతా పట్టుకుంది. మీ బాబుకి కూడా ఇలాగే ఉంటుందని నేను అనడం లేదు, అనలేను. వాడికి టాలెంట్ ఉండాలనీ అనడం లేదు. పాప ఏడుపు వాడికి చెవిలో నొప్పి అయి ఉండొచ్చు, అంతకన్నా ఏమీ కాకపోయినా వాడు చెడ్డవాడు మాత్రం కాడు.

గాజువాక నాన్న:
చివరి మాట చాలమ్మా. మావాడి విషయంలో దాన్ని సహానుభూతి అని మాత్రం ఇప్పటికీ అనను. నాకు కావలసింది బస్సులో పక్కవాళ్ళు కాస్త జరిగి కూర్చోవడం.

పీజీ రెండో ఏడు:
"లేదు" అన్న మాట వెనక్కి పోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఇంట్లో జరిగిన ఒక్క సంగతితో మిర్రర్ టచ్ అని తేల్చకూడదు. తమ్ముడు ఇష్టపడితేనే సరిగ్గా అడిగి చూడాలి, వద్దంటే వదిలెయ్యాలి.

బీచ్‌రోడ్డు అక్క:
వాణ్ణే అడుగుతాను. నిన్న అమ్మకి కట్టు మార్చాం. వాడు గదిలోకి రాలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు. గుమ్మం అవతల గోడవైపు తిరిగి నిలబడి, దూదీ ఆయింట్‌మెంటూ ఉన్న డబ్బాని చెయ్యి వెనక్కి చాపి పట్టుకున్నాడు, నేను కట్టు ముడి వేసేదాకా.