తమ్ముడి రెజ్యూమెలో కబడ్డీ ఉంచాలా, తీసేయాలా?

బ్రాడీపేట అక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ ఫైనలియర్, ఈసీఈ. వచ్చే వారం కాలేజీకి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఆ తర్వాతి వారం ఒక విత్తనాల కంపెనీ వస్తున్నాయి. రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదని ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు చెప్పారు. వీడిది పేజీన్నర వచ్చింది. ఆ అరపేజీ దగ్గరే ఇంట్లో గొడవ.

అరండల్‌పేటలో డీటీపీ చేసే అతను అందరికీ వేసినట్టే వీడికీ కింద "హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవడం" అని వేసేశాడు. వీడు నిజంగా చేసినవి వేరే ఉన్నాయి. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్, ఇంటర్లో జిల్లా స్థాయి కబడ్డీ, హిందీ విశారద పరీక్ష, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు విజయవాడ వెళ్లి చేసిన పని. హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేసి "అవన్నీ పీకెయ్, ఎవడూ చూడడు" అన్నాడు. నాన్న ఒప్పుకోవట్లేదు. "కష్టపడి తెచ్చుకున్నవి, దాచుకోవడమెందుకు?" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, మనుషుల్ని తీసుకునేవాళ్లు కాస్త చెప్పండి.

కృష్ణలంక కోడర్:
అక్కా, మీ బాబాయి గారబ్బాయి చెప్పిందే కరెక్ట్. సాఫ్ట్‌వేర్ వైపు చాలా కంపెనీల్లో రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేరే వడపోస్తుంది. జావా ఉందా, ఎస్‌క్యూఎల్ ఉందా, బ్రాంచి ఏంటి, పర్సెంటేజీ ఎంత, ఇవే చూస్తుంది. కబడ్డీ అని వెతికేవాళ్లు లేరు. ఆ తర్వాత మనిషి చేతికి వచ్చినా, ఒక్కో కాగితం మీద ఎక్కువసేపు ఆగడు. ఆ కాసేపట్లో అతని కళ్లు ప్రాజెక్టు మీద పడాలి. ప్రాజెక్టు గురించి ఒక్క లైను రాసి, హాబీలకు నాలుగు లైన్లు పెట్టిన రెజ్యూమెలు నేను రోజూ చూస్తున్నాను. బాధేస్తుంది.

ఇంకో మాట కూడా ఉంది. హాబీలకు డబ్బు కావాలి. ఇంటి దగ్గర టెన్నిస్ కోచింగు, గిటారు క్లాసు ఉన్న పిల్లాడి రెజ్యూమె కింద భాగం నిండుగా కనిపిస్తుంది. పల్నాడులో ఏ ఊళ్లోనో గవర్నమెంటు బడిలో చదివి, సెలవుల్లో మిరపకోతలకు వెళ్లిన పిల్లాడికి అక్కడ రాయడానికి ఏముంటుంది? ఆ భాగం ఉన్నంతకాలం మనం తెలివిని కాదు, పెరిగిన ఇంటిని చూసి మార్కులు వేస్తున్నట్టే. అందుకే నేను మొత్తానికే వద్దంటాను.

మంగళగిరి హెచ్ఆర్:
కోడర్ గారూ, మీ రెండో మాట నన్ను ఆపింది, దాని దగ్గరికి వస్తాను. ముందు మొదటి మాట. మీరు చెప్పేది ఐటీ సంగతి. నేను కోల్డ్ స్టోరేజీలకు, ఎరువులు, విత్తనాల కంపెనీలకు, బ్యాంకుల సేల్స్‌కు మనుషుల్ని చూస్తాను. ఫ్రెషర్ల రెజ్యూమెలు ఒక కట్ట తీసుకుంటే పేరు, హాల్‌టికెట్ నంబరు తప్ప అన్నీ ఒకటే. అదే ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు, అవే ఆన్‌లైన్ కోర్సులు, చివర "పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అనే అదే వాక్యం. ఈ కుర్రాడు ఎవరు, ఎండలో తిరగగలడా, రైతుతో మాట్లాడగలడా అని తెలుసుకోవడానికి నాకు మిగిలే చోటు ఆ కింద రెండు లైన్లే.

కాకపోతే అక్కడ ఏముందన్నది ముఖ్యం. పోయిన ఏడాది ఒక అబ్బాయి "పుస్తకాలు చదవడం" అని రాశాడు. "ఈమధ్య ఏం చదివావు నాన్నా?" అని మామూలుగానే అడిగాను. గొంతు తడారిపోయింది. టేబుల్ మీదున్న ఫైలు అంచు నలుపుతూ కూర్చున్నాడు. అంతకుముందు సబ్జెక్టులో చక్కగా చెప్పినవాడే, ఆ తర్వాత ఏ ప్రశ్నకీ తేరుకోలేదు. డీటీపీ సెంటర్లో ఎవరో కొట్టిన ఒక్క లైను వల్ల ఆ పిల్లాడికి అంత నష్టం జరిగింది. కాబట్టి అక్కగారూ, ఆ మూడు హాబీలు ఈ రాత్రే కొట్టేయండి.

ఇక కోడర్ గారి రెండో మాట. మిరపకోతలకు వెళ్లిన పిల్లాడు అదే రాయొచ్చు కదండీ. "సెలవుల్లో వ్యవసాయ పనులు చేసి ఫీజుకు డబ్బు సమకూర్చుకున్నాను" అని రాసినవాణ్ని నేను ముందు పిలుస్తాను. అది రాయకూడదని, నామోషీ అని వాళ్లకు చెప్పేది మనమే.

మాజీ సైనికుడు, తెనాలి:
అమ్మా, ఒక్క విషయం స్పష్టంగా చెప్తాను. ఎన్‌సీసీని హాబీల్లో రాయకూడదు. 'సి' సర్టిఫికెట్ పరీక్ష రాసి, క్యాంపులు చేసి తెచ్చుకున్నది. డిగ్రీలో 50 శాతం మార్కులుండి, 'సి'లో కనీసం 'బి' గ్రేడు వస్తే ఆర్మీలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద రాతపరీక్ష లేకుండా నేరుగా ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి అప్లై చేసుకోవచ్చు. మీ తమ్ముడికి ఆ దారి తెలుసో లేదో ముందు కనుక్కోండి. రెజ్యూమెలో మాత్రం చదువు కిందే, గ్రేడుతో సహా, విడిగా రాయాలి.

కబడ్డీ మాట. ఆటే ఉద్యోగం ఇచ్చిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి. మన కోనేరు హంపి ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేస్తూనే 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ ఛాంపియన్ అయింది. అయితే జిల్లా స్థాయితో స్పోర్ట్స్ కోటా రాదు. కేంద్ర ఉద్యోగాలకు రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీలోనో ఆడి ఉండాలి. ఆ ఆశ పెట్టుకోవద్దు. సర్టిఫికెట్ మాత్రం భద్రంగా ఉంచండి.

గవర్నర్‌పేట నుంచి:
ఆడపిల్లల వైపు నుంచి ఒక మాట చెప్తాను. నేను చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నాను, డిప్లొమా చేశాను. మొదటి ఇంటర్వ్యూకి రెజ్యూమెలో రాశాను. అకౌంట్స్ ఉద్యోగం అది. ప్యానెల్లో ఒకాయన "ఏదీ, రెండు స్టెప్పులు వేసి చూపించు" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. అదే గదిలో క్రికెట్ అని రాసిన అబ్బాయిని బౌలింగ్ చేసి చూపించమని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆ లైను తీసేశాను. నా నాట్యం విలువ తగ్గి కాదు, దాన్ని ఎవరి ముందు పెట్టాలో నేనే నిర్ణయించుకోవాలని. "రాయండి, ఏం పోయింది" అనేవాళ్లు ఇది కూడా ఆలోచించండి.

మంగళగిరి హెచ్ఆర్:
అమ్మా, అలా అడిగినవాడిది పూర్తిగా తప్పు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నేర్పాల్సిన సంగతి అది. మీ నిర్ణయం మీదే, దానికి నేను ఎదురు చెప్పను.

బ్రాడీపేట అక్క:
అందరికీ థాంక్స్. డీటీపీ హాబీలు తీసేశాం, ఎన్‌సీసీ పైకి వెళ్లింది. స్పెషల్ ఎంట్రీ సంగతి వాడికి నిజంగానే తెలియదు, ఇప్పుడు దాని గురించే చదువుతున్నాడు. బుడమేరు సంగతి ఎవరూ చెప్పలేదు. నాన్న రాయమంటున్నారు. వీడే "సాయం చేసి రెజ్యూమెలో రాసుకుంటే సిగ్గుగా ఉంటుంది అక్కా" అంటున్నాడు.

మాజీ సైనికుడు, తెనాలి:
మీ తమ్ముడి మనసు మంచిది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. నేనైతే రాయను.

సత్యనారాయణపురం:
సార్, నేను ఒప్పుకోను. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ సింగ్ నగర్ పైవంతెన దగ్గర ఆ రోజులు దగ్గరుండి చూశాను. అటు పడవలు, ఇటు ట్రాక్టర్లు, పాలప్యాకెట్లు, మందులు. ఏ వీధికి ఎంత వెళ్లింది, ఎక్కడ పసిపిల్లలున్నారు, ఎక్కడ డయాలసిస్ పేషెంట్ ఉన్నాడు అని నోటుబుక్కులో రాసుకుంటూ పడవలు పంపించిన కుర్రాళ్లున్నారు. కొన్ని వీధులకు రెండుసార్లు భోజనం వెళ్లి, కొన్నిటికి అసలు వెళ్లకపోవడం ఆ లెక్క లేకపోవడం వల్లే. ఆ లెక్క రాసినవాడు చేసింది సాయమే, దానితోపాటు పని కూడా. ఆఫీసుల్లో అలాంటి పనికే జీతాలిస్తారు. మీ తమ్ముడు అక్కడ ఏం చేశాడండీ?

బ్రాడీపేట అక్క:
వాడి ఫ్రెండ్స్ పొట్లాలు కట్టారు. వీడు ఫోన్లు తీసుకుని, అడ్రసులు ఏరియాల వారీగా ఎక్సెల్‌లో వేసి, అందాయో లేదో మళ్లీ ఫోన్ చేసి కనుక్కునేవాడు.

కృష్ణలంక కోడర్:
అక్కా, అది రాయాలి. ఫొటోలు, మెచ్చుకోలు మాటలు వద్దు, ఇప్పుడు మీరు చెప్పినట్టే రాయండి. "వరద సహాయంలో వచ్చిన అభ్యర్థనలను ఏరియాల వారీగా ఎక్సెల్‌లో నమోదు చేసి, అందినదీ లేనిదీ ఫోన్లో సరిచూశాను." సాఫ్ట్‌వేర్ కంపెనీకి కూడా ఇది పనికొస్తుంది. కానీ దీన్ని హాబీ అనను, పని అంటాను. నా మాట మీదే నేనున్నాను.

మంగళగిరి హెచ్ఆర్:
పేరు ఏదైనా పెట్టండి, పేజీలో ఉంటే చాలు. విశారదను భాషల లైన్లో హిందీ పక్కన వేయండి, విడిగా చోటు అక్కర్లేదు. విత్తనాల కంపెనీకి పంపేదాంట్లో కబడ్డీ ఉంచండి, ఊళ్లు తిరిగే ఉద్యోగం అది. కులం, తండ్రి వృత్తి, పెళ్లి అయిందా లేదా ఇంకా ఉంటే అవి తీసేయండి. ఆ చోటే మీకు అరపేజీలో సగం మిగులుతుంది.

కృష్ణలంక కోడర్:
సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపేదాంట్లో మాత్రం కబడ్డీ వద్దు. ఆ లైన్లో ప్రాజెక్టులో అతను సొంతంగా రాసిన భాగం ఏదో రాయమనండి. నలుగురు చేసిన ప్రాజెక్టులో తన వంతు ఏంటో చెప్పలేక పోయేవాళ్లే ఎక్కువ.

బ్రాడీపేట అక్క:
రెండు రెజ్యూమెలు చేస్తున్నాం. కబడ్డీ ఒకదాంట్లోనే ఉంటుందని నాన్నకు ఇంకా చెప్పలేదు. తన వంతు ఏంటని అడిగితే వీడు అప్పుడే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.