బెంగళూరులో కొత్త కారు, అనంతపురంలో రిజిస్ట్రేషన్: దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మాకు కావాల్సిన ఆటోమేటిక్ మోడల్ ఇక్కడ నెలల తరబడి వెయిటింగ్ అంటున్నారు, బెంగళూరులో ఒక డీలర్ దగ్గర బండి సిద్ధంగా ఉంది. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది, అందుకే ఆగలేకపోతున్నాం.

డీలర్ మాత్రం కర్ణాటకలోనే రిజిస్టర్ చేసి ఇస్తాం, తర్వాత ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి అభ్యంతరం లేదనే పత్రం) తీసుకెళ్లండి అంటున్నాడు. అలా చేస్తే లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) అక్కడ కట్టి, బండి ఇక్కడే ఉంటుంది కాబట్టి 12 నెలల్లోపు ఏపీ నంబరుకు మార్చుకుని, ఇక్కడా కట్టాలి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్ రీఫండ్ కోసం తిరిగే ఓపిక మాకు లేదు. టెంపరరీ రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని నేరుగా ఏపీ నంబరు వేయించుకోవాలని మా ఆలోచన.

ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ డీలర్ ఇస్తాడు. ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు) మీద లోన్ ఇచ్చిన బ్యాంకు సంతకం, ముద్ర నేను వేయించుకుంటాను. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (బండి మీద చెక్కిన నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) కూడా డీలరే తీసివ్వాలా, ఆర్టీవో ఆఫీసులో తీస్తారా? సొంత రాష్ట్రంలో కొంటే డీలరే దరఖాస్తు పెడతాడు, బండి చూపించక్కర్లేదు. మా విషయంలో ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లాల్సిందేనా? అన్నిటికంటే ముఖ్యంగా, డీలర్ ఇచ్చిన డిస్కౌంట్ పోను మిగిలిన ధర మీద ట్యాక్స్ లెక్కేస్తారా, పూర్తి ఎక్స్-షోరూమ్ ధర మీదా? మా లోన్ మొత్తం దాన్ని బట్టే ఉంటుంది.

ఈ మధ్య ఇలా చేయించుకున్నవాళ్లు ఏజెంటు లేకుండా పని అయిందో లేదో కూడా చెప్పండి. అడ్వాన్స్ కట్టే ముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.