బతుకమ్మ ఒరిగిపోకుండా పేర్చేది ఎట్లా? సెలవుల్లో మీ ఇళ్లల్లో ఏమేం చేస్తారు?

దేవరకొండ కోడలు
అందరికీ నమస్తే. మేముండేది నల్గొండలో. పోయినేడు సద్దుల నాడు, అంటే ఆఖరి రోజున, మా బతుకమ్మ పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట ఎక్కకముందే ఒరిగిపోయింది. ఆటోలో నుంచి దింపుతుంటే సగం గునుగు పూలు నా చీర మీద, సగం రోడ్డు మీద పడ్డది. మా ఆడబిడ్డ నవ్వింది గానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది. అత్తమ్మ ఉన్నన్నాళ్లు ఆమే పేర్చేది, నేను పక్కన కూర్చొని పూలందించేదాన్ని. పన్నెండేళ్లు చూశాను కదా, వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు.

ఈసారి పిల్లలిద్దరికీ సెలవులు మొదలవగానే ఫోన్లు పక్కన పెట్టించి వాళ్లతోనే చేయించాలని ఉంది. ఎత్తు తక్కువైనా ఫర్వాలేదు, నిలబడితే చాలు. అడుగు నుంచి ఎట్లా కట్టుకుంటూ రావాలి? గునుగుకు ఏ రంగు వేస్తే పిల్లల చేతులు పాడవకుండా ఉంటాయి?

సూర్యాపేట పెద్దమ్మ
బిడ్డా, పైన పేర్చింది చూసి బెంగపడకు. నీ తప్పు అడుగున ఉంది. తాంబాళంలో ముందు గుమ్మడాకులు పరువు. అవి దొరక్కపోతే ఆముదం ఆకులు. అంచు చుట్టూ తంగేడు కట్టలు పెట్టు, పూలు బయటికి, కాడలు లోపలికి. ఇప్పుడు నడుమ ఒక గుంత మిగులుతది చూడు, అందరూ ఆగమయ్యేది అక్కడే. నాలుగు వరసలు పేర్చినంక ఒకేసారి నింపుదామనుకుంటరు. అట్ల కుదరదు. ఏ వరసకావరసే నింపుకుంటూ పోవాలి. గునుగు కోయగా మిగిలిన కాడలు, తంగేడు ఆకు సన్నగా తుంచి గట్టిగా కూరు. అరచేయి పెట్టి నొక్కితే కుంగొద్దు. కుంగిందంటే ఇంకా నింపాలి. పై వరస ఏలెడు లోపలికి జరిపి మొదలుపెట్టు.

గునుగు కాడలన్నీ ఒక్క పొడుగున కోసి ఏడెనిమిది కలిపి దారం చుట్టు. విడివిడిగా గుచ్చితే ఆటో కుదుపుకు రాలక ఏం చేస్తయి? ఇంకోటి, నీళ్ల బకెట్లో నుంచి తీసిన పూలు తీసినట్టే పేర్చకు. పాత చీర పరిచి గంటసేపు ఆరనియ్యి. తడి కాడలు జారుతయి.

బత్తాయి తోట
మా కాలనీలో థర్మాకోల్ ముక్కలు గుండ్రంగా కోసి, ఒకదానిమీదొకటి అతికించి, చుట్టూ పూలు గుచ్చుతున్నారు అక్కా. ఐదడుగులైనా కదలదు. అరగంట పని.

సూర్యాపేట పెద్దమ్మ
కదలదు తమ్మీ, చెరువులో వేసినంక కూడా కదలదు. తెల్లారి పోయి చూసిరా.

బత్తాయి తోట
పెద్దమ్మా, నేను చేస్తున్నానని అనలేదు! మా ఇంట్లో ఎండుగడ్డిని చుట్టలా చుట్టి, పురికొసతో బిగించి నడుమ పెడతాం. పూలతో పాటే నీళ్లలో కలిసిపోతుంది. బరువు కూడా తక్కువ. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు తాంబాళం కింద తల మీద పెట్టుకునే చుట్టబట్ట పెట్టండి, కుదుపు తగ్గుతుంది. ఇది మా నాయనమ్మ చెప్పిన కిటుకు. ఆమె కాలంలో ఆటోల్లేవు, ఎడ్లబండ్లు.

అసలు కష్టం పువ్వుది. గట్ల మీద తంగేడు ఇప్పటికీ ఉంది గానీ గునుగు తగ్గింది. పత్తి చేనులో గడ్డిమందు కొడితే ముందు పోయేది గునుగే. నేనూ కొడతాను, అబద్ధం ఎందుకు. బత్తాయి చెట్ల నడుమ ఒక సాలు మాత్రం వదిలేశాను, పండక్కి ఇంటివాళ్లు తిడతారని.

టీచరమ్మ (నాగర్‌కర్నూల్)
రంగుల సంగతి నేను చెప్తా. గులాబి, నీలం రంగుపొడులు అంగట్లో దొరుకుతాయి గానీ రెండు రోజులు గోళ్లలో నుంచి పోవు. పిల్లలతో అయితే పసుపు నీళ్లతో మొదలుపెట్టండి. పసుపులో రవ్వంత సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది, మనం కాళ్లకు పెట్టుకునే పారాణి అదే కదా. సున్నం మాత్రం పెద్దవాళ్లే కలపాలి, కళ్లల్లో పడితే ప్రమాదం. బీట్‌రూట్ నేను చూశాను, ముంచినప్పుడు బాగుంటుంది, ఆరేసరికి వెలిసిపోతుంది. తలలు మాత్రమే ముంచి, కట్టలను దండేనికి తలకిందులుగా వేలాడదీయండి. సగం గునుగు తెల్లగానే ఉంచండి. రంగుల నడుమ ఆ తెలుపు లేకపోతే బతుకమ్మ కళ తప్పుతుంది, ఇది నా పంతం.

ఇంకో మాట. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి అయ్యాయి. మూడూ ఈ పది రోజుల్లో మనం వెతుక్కుంటూ తిరిగేవే. సెలవుల హోంవర్క్‌గా మా పిల్లలకు ఈ మూడూ కళ్లతో చూసి బొమ్మ గీసి తెమ్మని చెప్పాను. పాలపిట్ట దగ్గర చాలామంది ఫోన్లో చూసి గీస్తారు. రెక్క విప్పినప్పటి నీలం చూసినవాళ్ల బొమ్మ వేరేగా ఉంటుంది, పట్టేస్తాను.

కొత్తగా వచ్చా
చిన్న డౌట్. మొదటి రోజును ఎంగిలిపూల బతుకమ్మ అని ఎందుకంటారు?

సూర్యాపేట పెద్దమ్మ
మొదటి రోజు పెత్రమాస, అంటే పితృ అమావాస్య. దానికి ముందురోజే పూలు తెంపి నీళ్లల్లో పెడతం, నిద్ర చేసిన పూలు గనుక ఎంగిలి.

టీచరమ్మ (నాగర్‌కర్నూల్)
మా వైపు, పెద్దలకు పెట్టుకొని, అన్నం తిన్నాక పేరుస్తాం కాబట్టి అంటారు. రెండూ విన్నాను. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. పిల్లలు అడుగుతారు, "ఎందుకలిగింది?" అని. మా ఇంట్లో ఎవరి జవాబు వాళ్లది.

పాలమూరు పిలగాడు
బతుకమ్మ పేర్చడం నాకు రాదు, కానీ ఈ చర్చ చదువుతుంటే రాయాలనిపించింది. మాది నారాయణపేట దగ్గర పల్లె. అమ్మానాన్న పుణెలో మట్టిపనికి పోయేవాళ్లు. నేనూ చెల్లె అవ్వ దగ్గర. వాళ్లు దసరాకే వచ్చేవాళ్లు, అందుకని మాకు సెలవులంటే బస్సు కోసం చూడటమే.

పెత్రమాసకు ముందు తొమ్మిది రోజులు ఆడపిల్లలు బొడ్డెమ్మ వేసేవాళ్లు. పుట్టమన్ను తేవడం మగపిల్లల పని, పాము భయం మాకు, పాటలు వాళ్లకు. పీట మీద మెట్లు మెట్లుగా మన్ను పెట్టి, పేడతో అలికి, పైన చిన్న చెంబు, దానిమీద గుమ్మడిపువ్వు. మన్ను ఒకరోజు నానకపోతే పగుళ్లిస్తుందని అవ్వ మాతో తొక్కించేది.

పండుగ అయిపోయాక అమ్మానాన్న తిరిగి వెళ్లేలోపు ఒక బొంత తయారు కావాలి. పుణెలో గుడారంలో చలి. అవ్వ పాత నారాయణపేట చీరలు తెచ్చేది, ఆ గళ్ల నూలు చీరలు ఎంత ఉతికితే అంత మెత్తన. నాలుగు పొరలు పరిచి, అంచులకు చీర అంచులే కుట్టి, నేల మీద నలుగురు ఆడవాళ్లు నాలుగు దిక్కులా కూర్చొని లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. నా పని సూదిలో దారం ఎక్కించడం. అవ్వకు కళ్లు ఆనకపోయేది. నడిమికి వచ్చేసరికి నలుగురి మోకాళ్లూ కలిసేవి, మాటలూ అక్కడే ఎక్కువయ్యేవి. ఆ బొంత ఒకటి ఇప్పుడు హైదరాబాద్‌లో నా దగ్గరుంది. వాషింగ్ మెషీన్‌లో వేసి ఒక మూల చింపుకున్నాను. ఎవరైనా కుట్టగలిగితే చెప్పండి, చేత్తోనే, మెషీన్ వద్దు.

గద్వాల వదినె
తమ్మీ, నేను కుడతా, పండక్కి ఊరికి వచ్చినప్పుడు తీసుకురా. చిరిగిన మూలను కత్తిరించకు, పైన ఇంకో గుడ్డ వేసి కుట్టాలి. దారం పాత చీర అంచులో నుంచి లాగినదే అయితే రంగు కలుస్తుంది.

కోడలమ్మా, సద్దుల నాడు పిల్లలతో సత్తుపిండి చేయించు, కష్టం లేదు. పల్లీలు వేయించి, పూర్తిగా చల్లారాక పొట్టు తీసి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, నాకు రెండుసార్లు అయింది, చట్నీ చేసుకున్నాం. చక్కెర చివర్లో. నువ్వులది కూడా అంతే. మా దగ్గర సజ్జరొట్టె మలీద తప్పనిసరి: వేడి రొట్టెను బెల్లంతో నలిపి, నెయ్యి వేసి ముద్దలు కట్టడమే. రొట్టె చల్లారితే నలగదు, అందుకని చేతులు కాలుతాయి.

దసరా గడిచాక కూడా మాకు తీరిక ఉండదు. దీపావళికి కేదారేశ్వర నోము. 21 పోగుల తోరం ఇంట్లోనే పేనుతాం, అరిసెలు లెక్కపెట్టి పెడతాం, మరిది వచ్చి ఒకటి తిని లెక్క తప్పిస్తాడు. ఆ తర్వాత కురుమూర్తి జాతర, అక్కడ ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవానికి ఇల్లంతా బయలుదేరుతుంది.

బత్తాయి తోట
టీచరమ్మ పేరు చెప్పింది గానీ, దసరా జమ్మి గురించి ఇంకెవరూ రాయలేదు. మా ఊర్లో జమ్మికి కొమ్మలు విరిచి అమ్ముతున్నారు. ఆకు నాలుగు చాలు కదా పెద్దల చేతిలో పెట్టడానికి. మా అబ్బాయి పోయినేడు విత్తనం నాటాడు, జానెడైంది. మేక తినకుండా ముళ్లకంప కట్టాం.

దేవరకొండ కోడలు
(సద్దుల తెల్లారి)
అందరికీ దండాలు. నిలబడింది! ఐదు వరసలే, రెండడుగులు కూడా లేదు. నడుమ ఎండుగడ్డి చుట్ట, ఏ వరసకావరస కూరడం చిన్నదానికి అప్పజెప్పాను. పిడికిలితో గుద్ది గుద్ది నింపింది. పసుపు, సున్నం ఎరుపు బాగానే వచ్చింది గానీ కొంచెం ఇటుక రంగు. తెల్ల గునుగు సగం ఉంచాను టీచరమ్మా.

చుట్టబట్ట పెట్టినా ఆటోలో పెద్దోడు రెండు చేతులతో పట్టుకొనే కూర్చున్నాడు, కట్ట దాకా ఊపిరి పీల్చలేదు. నీళ్లలో వదిలాక గౌరమ్మ పసుపు ఒకరికొకరం పెట్టుకుంటుంటే, మా ఆడబిడ్డ నా చెంపకు పసుపు రాసి, "అమ్మ పేర్చినట్టే కొంచెం ఎడమకు వంగింది వదినా" అంది. నేను చూసుకోలేదు. అత్తమ్మవి కూడా వంగేవా అని ఇప్పుడు పాత ఫోటోలు తీస్తున్నాను.